ఇరవై నాలుగు మీటర్ల లోతులో

"చచ్చిపోయినవాడి సిలిండర్‌లో గాలి సగానికి పైగా మిగిలే ఉందమ్మా."

శ్రీరంగనాయకులు ఫొటోని టేబుల్ మీద నెమ్మదిగా ముందుకు తోశాడు. ఏలూరు పవర్‌పేటలో చేపల మేత అమ్మే షాపు మీద గది అది. కింద మేత నిజంగానే అమ్ముతారు. పైన మాత్రం ఏ ప్రభుత్వ జాబితాలోనూ కనబడని ఒక సెక్షన్ పనిచేస్తుంది.

నాగవల్లి ఫొటో చూసింది. డైవర్లు వేసుకునే రబ్బరు వెట్‌సూట్‌లో ఒక యువకుడు. తడి ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాడు.

"మనవాడాండీ?"

"నేవీ సర్వే ఇంజనీరు. అండమాన్‌లో ఒక డైవ్ రిసార్టుకి టూరిస్టులా వెళ్లాడు. పోయిన నెల పద్దెనిమిదో తారీఖు పొద్దున్న నీళ్లలోకి దిగాడు. గాలి ఉంది. నోటికి గాలి అందించే రెగ్యులేటర్ బాగుంది. సిలిండర్ వాల్వ్ మాత్రం ఎవరో కట్టేశారు."

"తనే కట్టేసుకున్నాడని రాయడానికీ లేదు," అన్నాడు పక్క కుర్చీలోంచి గోపీచంద్. "వాల్వ్ వీపు మీద ఉంటుంది. చెయ్యి అందడమే కష్టం."

"అందుకే మిమ్మల్నిద్దర్నీ పిలిపించాను."

శ్రీరంగనాయకులు తాడేపల్లిగూడెం బట్టల వ్యాపారుల ఇంట్లో పుట్టిన మనిషి. అరవై దాటాయి. గొంతు పెంచడు. గుడ్డ మూరేసి చింపినట్టు ఎంత కావాలో అంతే మాట్లాడతాడు.

"ఆ రిసార్టు ఎదురుగా ఉన్న జలసంధి మన సబ్‌మెరైన్లు వెళ్లే దారి. మనిషికి వేలిముద్ర ఎలాగో సబ్‌మెరైన్‌కి దాని చప్పుడు అలాగ. అడుగున ఎవడో హైడ్రోఫోన్ పెట్టె పెట్టాడు. అది వింటుంది, రికార్డు చేసుకుంటుంది. సిగ్నల్ పైకి పంపదు. పంపితే మనకి దొరికిపోతుంది. నెలకోసారి ఒక మనిషి దిగి, ఆ రికార్డింగుని మెమరీ కార్డులోకి ఎక్కించుకుని పోతున్నాడు."

"అంతసేపు అడుగున ఉంటే ఎవరూ అనుమానపడరా?"

"అక్కడికొచ్చే టూరిస్టులందరి పనీ అదేనమ్మా. గోరంత సముద్రపు గుర్రం, బియ్యపుగింజంత రొయ్య, ఇలాంటి వింత జీవాల్ని వెతుక్కుంటూ వస్తారు. ఒక్కో ఫొటో కోసం ఇసుకకి ముక్కు ఆనించి గంటసేపు కదలరు. ఇంకెక్కడైనా అది అనుమానం. అక్కడ అది హాలిడే."

"పెట్టె పీకేస్తే?" అన్నాడు గోపీచంద్.

"ఇంకోచోట పెడతారు. నాకు పెట్టె కాదు, చెయ్యి కావాలి. మన కొత్త సబ్‌మెరైన్ ఈ వారమే మొదటిసారి ఆ దారిన వెళ్లింది. దాని గొంతు ఇప్పుడు ఆ పెట్టెలో ఉంది. కార్డు దేశం దాటిందంటే అందులో ఉన్న డెబ్బైమందీ ఏ సముద్రంలో దాక్కున్నా దాక్కోనట్టే."

ఇంకో ఫొటో బయటికొచ్చింది. ఎర్రటి వెట్‌సూట్, తడిజుట్టు, కెమెరా వైపు కాకుండా కెమెరా పట్టుకున్నవాడి వైపు చూస్తున్నట్టుండే కళ్లు.

"హర్షిణి. సింగపూర్. చిన్న జీవాల్ని దగ్గరగా తీసే మాక్రో ఫొటో టూర్లు నడుపుతుంది. ఈమె వెళ్లిన ప్రతి నెలా కార్డు బయటికి పోయింది. మీరు గూడెంలో బట్టల షాపు నడిపే మొగుడూ పెళ్లాలు. పెళ్లిరోజుకి సరదాగా వెళ్తున్నారు. పెట్టె ముట్టుకోవద్దు. కార్డు ఎవరు తీస్తే వాళ్లని పట్టుకోండి."

మెట్లు దిగుతూ గోపీచంద్ నవ్వాడు. "ఆరేళ్లు కలిసి తిరిగినందుకు ఆఫీసువాళ్లే పెళ్లి చేసేశారు వల్లీ."

నాగవల్లి కూడా నవ్వింది. ఆమెని 'వల్లీ' అని పిలిచేది ఇంట్లోవాళ్లు కాక అతనొక్కడే.

ఆమెది కొల్లేటికోట. తండ్రి చేపలు పట్టేవాడు, అన్న పండు ఇప్పుడు అక్కడే చేపల ప్యాకింగ్ షెడ్డు నడుపుతున్నాడు. గోపీచంద్‌ది ఉంగుటూరు, వరి పండించే ఇల్లు. ఆరేళ్లలో ఎన్నో సెలవులకి కొల్లేటికోట వచ్చాడు. పండుని అన్నయ్యా అన్నాడు, పండు భార్య కుసుమని వదినా అన్నాడు. ఆమె చేతి చేపల పులుసుకి లొట్టలేశాడు.

ఒక్క సంగతి మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. మూడేళ్ల కిందట సరిహద్దు అవతల గోపీచంద్ దొరికిపోయాడు. పదకొండు రోజులు. అలాంటి మనిషి తమకి తెలియదంది సెక్షన్. నాగవల్లికి అన్నీ తెలుసు. నోరెత్తొద్దని ఆర్డరు. ఎత్తలేదు. పన్నెండోరోజు అతనే తప్పించుకుని వచ్చాడు, మామూలుగానే పలకరించాడు. ఏమీ అడగలేదు. అడగకపోవడం అతని మంచితనం అనుకుందామె.

*

రిసార్టులో పదకొండు వెదురు కాటేజీలున్నాయి. వచ్చినవాళ్లంతా భోజనాల దగ్గర పిల్లల్లా పోట్లాడుకునేవాళ్లు, నిన్న ఎవరికి ఎంత చిన్నది కనబడిందా అని.

మూడు రోజుల్లో నాగవల్లికి ఆ పిచ్చి కొంచెం అంటుకుంది. గైడు నెహెమ్యా సన్నటి స్టీలు పుల్లతో గులాబీరంగు పగడపు కొమ్మ వైపు చూపించాడు. రెండు నిమిషాలు వెతికితే గాని ఆ కొమ్మ మీద మొటిమ ఒకటి కన్ను తిప్పిందని తెలియలేదు. అది సముద్రపు గుర్రం. చిటికెనవేలి గోరు మీద కూర్చోబెట్టొచ్చు. ఒకచోట నెమలికంఠం రంగులో రొయ్యలాంటి జీవి బొరియలోంచి తల బయటపెట్టి, రెండు కళ్లనీ రెండు దిక్కులకి తిప్పి చూసింది. ఇంకోచోట కుళ్లిన స్పాంజి ముక్క అనుకున్నది నోరు తెరిచి పక్కనున్న చేపని మింగేసి, మళ్లీ స్పాంజి ముక్క అయిపోయింది.

"ఇక్కడ బతికేవన్నీ ఇంకోటిలా కనబడాల్సిందేనండీ," అన్నాడు నెహెమ్యా పడవలో. అతని తాతలది శ్రీకాకుళం. తెలుగువాళ్లు దొరికితే వదలడు.

హర్షిణి కూడా తెలుగే మాట్లాడింది. "సింగపూర్‌లో ఉంటే మాత్రం ఇంట్లో తెలుగేనండీ. మీ గూడెంలో షాపు ఎక్కడ?" అని ఆరా తీసింది. నవ్వినప్పుడు చుట్టుపక్కల నాలుగు టేబుళ్ల మగవాళ్లు చెంచాలు ఆపేవాళ్లు. ఆమె నీళ్లలో ఎక్కడికి వెళ్తుందో నాగవల్లి కళ్లు అక్కడికే వెళ్లేవి. నాగవల్లి చేతి డైవ్ కంప్యూటర్‌లో దాచిన చిన్న కెమెరా కూడా ఆమెనే తీసేది. హర్షిణి మాత్రం పెట్టెలూ వాల్వులూ ముట్టుకోలేదు. నత్తల్ని ఫొటో తీసుకుంది.

డైనింగ్ హాలు గోడకి ఒక తెల్లబోర్డు. చూసిన జీవి పేరు, లోతు, టైము ఎవరికివాళ్లు రాస్తారు. నాలుగోరోజు సాయంత్రం దాని ముందు నాగవల్లి ఆగింది.

ఫ్లాంబోయంట్ కటిల్‌ఫిష్. 24 మీటర్లు. 7 గంటలు. పాత జెట్టీ.

"రంగులు మార్చే ఈ జీవి ఇక్కడ ఉంటుందా నెహెమ్యాగారూ?"

"పదహారేళ్లనుంచి దిగుతున్నానండీ. ఒక్కటి కూడా చూళ్లేదు. ఎవరో సరదాకి రాసుంటారు."

ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఎవరివైనా కావచ్చు. కాని ఆ నాలుగంకె తలకిందులైన కుర్చీలా ఉంది. ఆరేళ్లుగా రిపోర్టుల్లో ఆమె చదువుతున్న నాలుగంకె అది.

కాటేజీకి వచ్చి సూటిగా అడిగింది. "బోర్డు మీద రాసింది నువ్వేనా?"

గోపీచంద్ కెమెరా లెన్సు తుడుస్తూ తలెత్తాడు. తడబడలేదు. "నేనే. ఎర. పెట్టె అక్కడే ఉందని నా అనుమానం. రేపు ఏడింటికి ఎవరో వస్తున్నారని తెలిస్తే హర్షిణి కంగారుపడుతుందిగా. చూద్దాం."

"నాకు ముందు చెప్పాలిగా?"

"ఇప్పుడు చెప్పానుగా."

ఆమె గుండెలో బరువు దిగిపోయింది. అలా అనుమానపడినందుకు సిగ్గు కూడా వేసింది.

*

డైవర్లు జంటలుగా దిగుతారు. ఒకరి గాలి ఆగిపోతే రెండోవారి దగ్గరున్న పసుపుపచ్చ అదనపు గొట్టమే ప్రాణం. ఆ రెండో మనిషిని బడ్డీ అంటారు. ఆరేళ్లుగా నాగవల్లి బడ్డీ గోపీచంద్. అతనికి డైవింగ్ నేర్పింది కూడా ఆమే.

పొద్దున్న ఏడు. ఇరవై నాలుగు మీటర్లు. పాత జెట్టీ స్తంభాల అడుగున బూడిదరంగు ఇసుక. దూరంగా ఎరుపుచుక్కలా హర్షిణి, ఏదో బొరియ ముందు బోర్లా పడుకుని ఉంది. అటు నుంచి చూపు తిప్పేసరికి గోపీచంద్ పక్కన లేడు.

పది అడుగుల అవతల, పగడపు రాళ్ల కుప్ప దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. రాళ్ల మధ్య నాచు పట్టిన పెట్టె. అతను కెమెరాకున్న ఫ్లాష్ యూనిట్‌ని విడదీసి ఆ పెట్టెకి ఆనించాడు. ఫ్లాష్ వెనక ఆకుపచ్చ దీపం టకటక ఆరి వెలిగింది.

ముట్టుకోవద్దు అని చేత్తో సైగ చేసింది నాగవల్లి. ఆర్డరు మర్చిపోయాడనుకుంది. ఆ క్షణంలో కూడా అంతే అనుకుంది.

ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగింది. గోపీచంద్ యూనిట్‌ని జేబులో వేసుకుని, అంతా బాగానే ఉందన్నట్టు బొటనవేలు చూపుడువేలు కలిపి చూపించి, దగ్గరకొచ్చాడు. బడ్డీ సిలిండర్ సరిచూసినట్టుగా ఆమె వీపు వెనక్కి వెళ్లాడు. మెడ వెనక లోహం కిర్రుమంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

మూడో ఊపిరికి గాలి గట్టిపడింది. నాలుగోది రాలేదు.

ఆమె వెనక్కి చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. మోకాలు ఆమె సిలిండర్‌కి అదిమాడు. పెనుగులాటలో ఒక్కసారి తల తిరిగి అతని మాస్కు ఎదురుపడింది. అద్దం వెనక కళ్లలో కోపం లేదు. సెలవులకి వచ్చినప్పుడు లారీలో ట్రేలు సర్దుతూ పండుకి సాయం చేసేటప్పటి కళ్లు అవి. చేస్తున్న పని సరిగ్గా చేయాలన్న శ్రద్ధ ఉంది, అంతే. ఆ ఇంజనీరు కూడా వీటినే చూసి పోయాడని ఆమెకి తెలిసిపోయింది.

చూపు అంచుల్లో నలుపు కమ్ముకుంటుండగా పక్కనుంచి ఎర్రటిదేదో దూసుకొచ్చింది. స్టీలు పుల్ల గోపీచంద్ భుజంలో దిగింది. బుడగలు, ఇసుక దుమ్ము. ఎవరో ఆమె నోట్లోకి పసుపుపచ్చ గొట్టం కుక్కారు. గాలి.

హర్షిణి ఆమె జాకెట్ పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా పీల్చమని చేత్తో చెప్పింది.

పైకి తేలేసరికి దూరంగా స్పీడ్‌బోటు తెల్లటి గీతలా పోతోంది. బోర్డు మీద టైమూ చోటూ రాసింది ఆ బోటు కోసం.

*

"నాయకులుగారు నన్ను చేపల మేత బస్తా అని పిలుస్తారు," అంది హర్షిణి ఒడ్డున. అది సెక్షన్‌లోని మనిషి ఇంకో మనిషికి చెప్పుకునే గుర్తుమాట. "నాలుగేళ్లుగా ఆ ముఠా నన్ను తమ మనిషే అనుకుంటోందండీ. టూర్లు నడిపి ముసుగు ఇవ్వడమే నా పని. కార్డు తీసే మనిషి బోటులో వచ్చి నీళ్లలోనే నా టూరిస్టుల్లో కలిసిపోతాడు, ఎవరో నాకు చెప్పరు. మన సెక్షన్‌లో మనిషేనని మాత్రం తెలిసింది. నాయకులుగారికి చెప్పాను. ఏడాదైంది."

నాగవల్లి ఆక్సిజన్ మాస్కు తీసేసింది. "ఏడాదా?"

"మీ ఇద్దరిలో ఒకరని ఆయన లెక్క. ఎవరో తేలలేదు. అందుకని ఇద్దర్నీ ఒకే నీళ్లలోకి దింపారు."

శాటిలైట్ ఫోన్‌లో శ్రీరంగనాయకులు గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "ఊపిరి సరిగ్గా అందుతోందా అమ్మా?"

"పద్దెనిమిదో తారీఖున గోపీ ఎక్కడున్నాడు సార్?"

"ఉంగుటూరులో కోతలని సెలవు పెట్టాడు. మీరూ ఆ వారం సెలవులోనే ఉన్నారు."

"అంటే నామీద కూడా అనుమానమే."

"సమానంగా."

"నన్ను ఎరగా వేశారు."

"ఇద్దర్నీ వేశానమ్మా. ఎర ఎవరో, చేప ఎవరో నాకూ తెలియదు. పోర్ట్‌బ్లెయిర్ ఎయిర్‌పోర్టులో మనవాళ్లున్నారు. దొరుకుతాడు."

దొరకలేదు. మధ్యాహ్నం విమానంలో వీల్‌చైర్‌లో ఒక ముసలి పేషెంటు ఎక్కాడని, ఆ వీల్‌చైర్ చెన్నైలో ఖాళీగా కనబడిందని రాత్రికి తెలిసింది.

"కార్డు దేశం ఎలా దాటుతుంది?" హర్షిణిని అడిగింది నాగవల్లి.

"తర్వాతి మెట్టు నాకు చెప్పరండీ. ఒక మాట మాత్రం చెవిన పడింది. ఐసు మీద వెళ్తుందట."

ఐసు. కొల్లేరు చేపలు ఐసు మీదే ఈశాన్య సరిహద్దు దాకా వెళ్తాయి. ఈ మూడేళ్లుగా నెలకోసారి గోపీచంద్ కొల్లేటికోట వస్తున్నాడు, వదిన పులుసు మీద మనసుపడి.

ఫోన్ చేసింది. "అన్నయ్యా, లోడు ఎప్పుడు?"

"ఎల్లుండి పొద్దున్నేనే. గోపీ కూడా వస్తానన్నాడు. నువ్వూ వస్తున్నావా ఏంటి? వదిన అడుగుతోంది."

"వస్తున్నా. నేను అడిగానని గోపీకి చెప్పకు."

ఆ మాట శ్రీరంగనాయకులుకి చెప్పడానికి ఫోన్ మళ్లీ తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, పక్కన పెట్టేసింది. చెప్తే గంటలో షెడ్డు చుట్టూ జీపులుంటాయి. ట్రేల మీద ఉన్నది పండు పేరు, దొరికేది పండు. ఇంకోసారి ఎర వేయడానికి ఆయనకి తన అన్నని ఇవ్వదలచుకోలేదు.

డైవ్ చేసిన రోజే విమానం ఎక్కకూడదు. రక్తంలో మిగిలిన గాలి బుడగలు కట్టి కీళ్లలోకీ నరాల్లోకీ చేరుతుంది. ఎంత తొందర ఉన్నా నాగవల్లి మర్నాటి విమానమే ఎక్కింది. హర్షిణి కూడా వెంట వచ్చింది.

*

తెల్లవారుతుండగా కొల్లేటి మీద మంచు పల్చగా లేస్తోంది. గట్టు మీద గూడబాతులు బరువుగా కదులుతున్నాయి. హర్షిణి కారుతో రోడ్డు మలుపు దగ్గర ఆగిపోయింది. నాగవల్లి నడిచి వెళ్లింది.

షెడ్డులో పని జోరుగా ఉంది. శీలావతి ఒకవైపు, బొచ్చె ఒకవైపు. ట్రేలో వరసగా చేపలు, పైన ఐసు, మళ్లీ చేపలు. లారీ ఇంజను ఆన్‌లో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో గోపీచంద్ టీ తాగుతున్నాడు, ఎడమచేత్తో. కుడిచెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడి ఉంది.

ఆమెని చూసి గ్లాసు సగంలో ఆగింది. అంతే.

"ఎప్పుడొచ్చావు వల్లీ?"

"ఇప్పుడే. నువ్వు?"

"నిన్న. ఒళ్లు బాగాలేదు. ఏలూరులో లాడ్జిలో పడుకున్నా."

"చెయ్యి పడిపోయినట్టుందే," అంది కుసుమ ఆమెకి టీ ఇస్తూ. "డాక్టరుకి చూపించుకోమంటే వినడు. నువ్వైనా చెప్పవే."

"చెప్తాను వదినా."

కుసుమ వెళ్లేదాకా ఇద్దరూ టీ తాగారు.

"డైవ్ చేసిన రోజే విమానం ఎక్కకూడదని నేర్పాను నీకు," అంది నాగవల్లి.

"నేర్పావు. వాల్వ్ కట్టేసినా బతకొచ్చని నేర్పలేదు." అతని గొంతు గరగరలాడింది. "నిన్ను దింపుతారని తెలిసేసరికి ఈ నెల కార్డుకి మాటిచ్చేశాను. ముందే తెలిస్తే మానేసేవాణ్ణి."

"ఆ ఇంజనీరుని?"

గోపీచంద్ ఆ మాట దాటేసి, చాలా మెల్లగా మొదలుపెట్టాడు. "పదకొండు రోజులు వల్లీ. మొదటి ఐదు రోజులూ నా పేరు కూడా చెప్పలేదు. ఆరోరోజు వాళ్లే ఒక కాగితం చూపించారు. నేనెవరో తెలియదని మనవాళ్లు రాసిచ్చింది. అది తట్టుకున్నా. ఆఫీసంటే అంతేగా. తర్వాత ఒక ఫోన్ రికార్డింగు వినిపించారు. మా అమ్మకి నువ్వు చేసిన ఫోను. 'జగదాంబగారూ, గోపీ ట్రైనింగ్‌లో ఉన్నాడండీ, బాగా తింటున్నాడు, కంగారుపడకండి' అన్నావు. నవ్వుతూ కూడా అన్నావు. ఆ రాత్రే వాళ్ల మాట ఒప్పుకున్నా. తప్పించుకోలేదు నేను. వదిలేశారు."

నాగవల్లి గ్లాసు కింద పెట్టింది. అబద్ధం కాదు. ప్రతి మాటా తను అన్నదే. ఆ ముసలామె అవతల "చల్లగా ఉండమ్మా" అన్న మాట కూడా గుర్తే.

"ఆర్డరు," అంది.

"తెలుసు. అందుకే నిన్నెప్పుడూ అడగలేదు."

చెబుతూ ఉన్నాడు. ఆ గది, ఆ దీపం, ఆ వాసన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోబోయి ఆగింది. అతను మాట్లాడుతూ ఆమె భుజం మీదుగా లారీ వైపు చూశాడు. ఒక్క క్షణమే. ఇంజను శబ్దం మారింది. గేరు పడింది.

చెప్పేది నిజమే. ఆ నిజాన్ని తీసింది మాత్రం ఆమెని కుర్చీలో కూర్చోబెట్టడానికి. నీళ్లలో ఆమె వాల్వు కట్టేసినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ నొప్పి పుట్టింది.

లేచి నిలబడింది. "అన్నయ్యా! గోపీ ఏమైనా పంపించమన్నాడా?"

లెక్క చూసుకుంటున్న పండు తలెత్తాడు. "ఎప్పుడూ పంపేదేగా. వాళ్ల ఫ్రెండుకి బతికున్న కొరమేలు. డబ్బాలో వేసి డ్రైవర్ క్యాబిన్‌లో పెట్టించా. ఏం?"

"లారీ ఆపు!"

"ఇదిగో, వెళ్లిపోతోందిగా. వాడు ఫోన్ ఎత్తడే డ్రైవింగులో..." చెల్లెలి మొహం చూసి పండు ఇంకేమీ అడగలేదు. పుస్తకం పడేసి బైకు తీశాడు.

లారీ దారి చెరువుల చుట్టూ తిరిగి వెళ్తుంది. గట్టు మీదుగా అడ్డంపడితే సగం దూరం. రెండు మూరల వెడల్పు గట్టు, మంచుకి తడిసిన బంకమట్టి. బైకు రెండుసార్లు జారింది, రెండుసార్లూ పండు కాలు ఆనించి లేపాడు. ఆమె హర్షిణికి ఫోన్‌లో ఒక్క మాటే చెప్పింది. "మలుపు."

మలుపు దగ్గర లారీ అప్పటికే ఆగి ఉంది. ముందు ఒక తెల్ల జీపు. కళ్లద్దాల మనిషి ఒకడు డ్రైవర్‌తో నవ్వుతూ మాట్లాడి, మూతకి చిల్లులున్న డబ్బా అందుకుంటున్నాడు. డ్రైవర్‌కి అది మామూలే. ప్రతి నెలా ఇచ్చేదే.

నాగవల్లి నడుస్తున్న బైకు మీదినుంచే దూకింది. భుజం అతనికి తగిలింది. డబ్బా ఎగిరి గట్టు మీద పడి పగిలింది.

ఏడు కొరమేలు. బతికున్నవి. కొరమేను నీళ్లు లేకపోయినా చావదు, నీళ్లున్న వైపు పాక్కుంటూ పోతుంది. ఏడూ చెరువు వైపు పాకాయి. కళ్లద్దాల మనిషి నడుముకి చెయ్యి వేశాడు. వెనకనుంచి చల్లటి ఇనుము అతని మెడకి ఆనింది.

"కదలకండి సార్," అంది హర్షిణి. "నేను ఫొటోలు మాత్రమే తీస్తానని మీవాళ్లనుకుంటున్నారు."

"అన్నయ్యా, ఒక్కటి కూడా పోకూడదు!"

పండు చొక్కా విప్పి రెంటి మీద వేశాడు. డ్రైవర్ ఏమీ తెలియకపోయినా ఒకదాన్ని కాలితో అడ్డాడు. నాగవల్లి బురదలో మోకాళ్ల మీద పడి మూడింటిని వెనక్కి విసిరింది. ఏడోది అంచుకి చేరింది. దాని పొట్ట మిగతావాటికంటే కొంచెం ఎత్తుగా ఉంది. తల నీళ్లలో దిగింది, మొప్పలు దిగాయి. ఆమె బోర్లా పడి, తోక జారిపోతుండగా, రెండు వేళ్లు మొప్పల్లోకి దూర్చి లాగింది.

పండు కత్తితో దాని పొట్ట చీరాడు. చింతగింజంత ప్లాస్టిక్ గొట్టం. అందులో నల్లటి కార్డు.

పండు దాన్నీ, చెల్లెల్నీ మార్చి మార్చి చూశాడు. "ఇది... ఇన్నాళ్లూ నా పేరు మీదే వెళ్లిందా?"

"అవునన్నయ్యా."

అతను గట్టు మీద కూలబడ్డాడు. "మన కంచంలో తిన్నాడే," అన్నాడు.

*

గోపీచంద్ కుర్చీలోంచి లేవలేదు. కాళ్లకి కూడా తిమ్మిరి పాకింది. ఒంట్లో బుడగల్ని కరిగించే ప్రెషర్ చాంబర్‌లో, విశాఖలో నేవీవాళ్ల దగ్గర పెడితే తప్ప తగ్గదని నాగవల్లి అంబులెన్సుకి చెప్పింది. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే అతను ఒక్కటే అడిగాడు.

"అమ్మకి ఈసారి కూడా నువ్వే ఫోన్ చేస్తావా?"

"ఫోన్ కాదు. ఉంగుటూరు వెళ్తాను. ఉన్నదున్నట్టు చెప్తాను."

అతను కళ్లు మూసుకున్నాడు. అంబులెన్సు గట్టు దిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. గుండెలో ఏదో ఖాళీ అయింది. అది ద్వేషమైనా బాగుండేది.

నాగవల్లి ఫోన్ అందుకుని ఎనిమిదింటికి శ్రీరంగనాయకులు వచ్చి కారు దిగాడు. బురద తగలకుండా పంచె ఎత్తి పట్టుకుని వచ్చి, చెయ్యి చాపాడు. "శభాష్ అమ్మా. కార్డు."

నాగవల్లి ఇవ్వలేదు. "ముందు మా అన్నయ్యకి దీంతో సంబంధం లేదని రాసి సంతకం పెట్టండి."

"నా మాట చాలదా?"

"చాలదండీ."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, పండు లోడు పుస్తకంలోంచి కాగితం చింపించుకుని, ట్రే మీద పెట్టి రాసి సంతకం చేశాడు. నాగవల్లి రెండుసార్లు చదివింది. మడిచి అన్న చేతిలో పెట్టి, అప్పుడు కార్డు ఇచ్చింది.

కారు వెళ్లిపోయాక కుసుమ వేణ్ణీళ్లు తెచ్చి ఆమె చేతుల బురద కడిగింది. ఏం జరిగిందో సగమే అర్థమైంది ఆమెకి. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగింది.

"ఇంతకీ అండమాన్‌లో ఏం చూశావే?"

"చిన్న చిన్న చేపలు వదినా. గోరంతవి. కనబడకుండా దాక్కుంటాయి."

"ఏం చోద్యమే! వాటికోసం అంత దూరం పోవాలా?"

"ఏం చెయ్యను వదినా," అంది నాగవల్లి. "పెద్దవి ఇక్కడున్నాయని ఎవరూ చెప్పలేదు."